కళాశాల ఫుట్‌బాల్ జట్టు: ఆషాఢం నుండి మాఘం వరకు

తొలకరి పడిన నాటి నుండి రాయగడ, కోరాపుట్ జిల్లాలలో ఊరి చివర బంతాట మొదలవుతుంది. దుక్కి దున్నేవరకు పొలమే మైదానం. రెండు వెదురు బొంగులు పాతితే అదే గోలు. ఆ పిల్లలే కొన్నేళ్లకు కళాశాలలో చేరతారు. కళాశాలకు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంటుంది, ఆ జట్టుకు ఒక సీజన్ ఉంటుంది. ఆ సీజన్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది, అందులో ఏమి జరగాలి, ఏమి జరగడం లేదు అన్న విషయాలను ఒకచోట చేర్చి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. జేకేపూర్, రాయగడ, గుణుపురం, జయపురం ప్రాంతాల విద్యార్థులకు, వ్యాయామోపాధ్యాయులకు, సరిహద్దుకు ఇవతల పార్వతీపురం వైపు ఉన్న వారికి కూడా ఇది ఉపయోగపడగలదు.

సీజన్ స్వరూపం

ఐరోపా దేశాలలో ఫుట్‌బాల్ సీజన్ అంటే తొమ్మిది పది నెలలపాటు వారం వారం సాగే లీగు పోటీలు. మన కళాశాలలలో అటువంటి ఏర్పాటు సాధారణంగా ఉండదు. ఇక్కడి సీజన్ విద్యాసంవత్సరాన్ని అనుసరించి నడుస్తుంది. వర్షాకాలంలో ప్రవేశాలు ముగియగానే జట్టు ఎంపిక, దసరా సెలవులకు అటూ ఇటూ సాధన, ఆపైన విశ్వవిద్యాలయ పరిధిలో అంతర కళాశాల పోటీలు, శీతాకాలంలో అంతర విశ్వవిద్యాలయ పోటీలు జరగడం సాధారణ క్రమం. వివిధ కళాశాలల నుండి ఎంపికైన వారితో విశ్వవిద్యాలయ జట్టు ఏర్పడుతుంది.

అంతర విశ్వవిద్యాలయ పోటీలను భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహిస్తుంది. 1925లో అంతర విశ్వవిద్యాలయ మండలిగా ఏర్పడిన సంస్థయే 1973 నుండి ఈ పేరుతో వ్యవహరిస్తున్నది. దేశాన్ని మండలాలుగా విభజించి ముందు మండల స్థాయిలోను, తరువాత అఖిల భారత స్థాయిలోను పోటీలు జరుపుతారు. ఒడిశా విశ్వవిద్యాలయాలు తూర్పు మండలంలోను, ఆంధ్ర విశ్వవిద్యాలయాలు దక్షిణ మండలంలోను ఆడతాయి. నాగావళికి ఎగువన రాయగడలో చదివే విద్యార్థి, దిగువన పార్వతీపురంలో చదివే అతని మేనమామ కొడుకు సంక్రాంతి సెలవులలో ఒకే జట్టుగా ఆడవచ్చు గాని, కళాశాల చొక్కా తొడిగిన తరువాత వారి దారులు వేరు. ఇద్దరూ ఎదురుపడాలంటే ఇద్దరి విశ్వవిద్యాలయాలూ అఖిల భారత స్థాయికి చేరవలసిందే.

ఈ క్రమానికి 2020లో మరొక మెట్టు చేరింది. ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల తొలి పోటీలు ఆ సంవత్సరం ఫిబ్రవరి 22 నుండి మార్చి 1 వరకు భువనేశ్వర్‌లో జరిగాయి.

నాకౌట్ లెక్క

సీజన్ గురించి మాట్లాడేటప్పుడు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. పదహారు కళాశాలలు నాకౌట్ పద్ధతిలో ఆడితే మొత్తం మ్యాచ్‌లు పదిహేను. మొదటి రోజునే ఎనిమిది జట్లు ఓడి ఇంటికి వెళతాయి. అంటే పాల్గొన్న జట్లలో సగానికి ఆ సంవత్సరపు ఫుట్‌బాల్ సీజన్ నిడివి తొంభై నిమిషాలు. మిగిలిన వాటిలో నాలుగు జట్లకు రెండు మ్యాచ్‌లతో సరి. మూడు నెలలు తెల్లవారుజామున లేచి పరుగెత్తిన విద్యార్థి ఒక్క పొరపాటు గోలుతో ఏడాదంతా ఖాళీగా కూర్చుంటాడు. పై సంవత్సరం పరీక్షలు, ఆపై సంవత్సరం ఉద్యోగ ప్రయత్నాలు. మూడేళ్ల డిగ్రీ చదువులో అతడు కళాశాల పేరుతో ఆడిన మ్యాచ్‌లు మొత్తం మూడే కావచ్చు.

దీనికి ప్రత్యామ్నాయం లీగు. దగ్గర దగ్గర ఉన్న నాలుగు కళాశాలలు ఒకరితో ఒకరు ఒక్కొక్కసారి ఆడితే మొత్తం ఆరు మ్యాచ్‌లు, జట్టుకు మూడు. సొంత మైదానంలో ఒకసారి, ఎదుటివారి మైదానంలో ఒకసారి ఆడితే మొత్తం పన్నెండు, జట్టుకు ఆరు. ఒక బస్సు లేదా పాసింజరు రైలు ప్రయాణంతో చేరగల దూరంలో కళాశాలలు ఉంటే శనివారాలలో దీనిని జరపవచ్చు. ఆట నేర్పేది ఓటమి భయం కాదు, మళ్లీ ఆడే అవకాశం. కళాశాల సీజన్‌లో మొదట సరిచేయవలసినది ఆటగాళ్ల నైపుణ్యం కంటె ముందు సీజన్ నిడివి.

ఈ మాట కొత్తది కాదు. ఎనభై ఏళ్ల కిందట హైదరాబాదులో ఒక బడిపంతులు దీనిని చేతలలో చూపించాడు.

ఉస్మానియా నుండి మెల్‌బోర్న్ వరకు

సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొని, విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. చదువుతున్నవారు, చదువు ముగించినవారు కలిసి ఏర్పరచుకొన్న ఎలెవెన్ హంటర్స్ అనే జట్టులోనూ ఆడారు. తరువాత కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైనచోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయునిగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. 1940ల తొలి సంవత్సరాలలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘ కార్యదర్శి బాధ్యతలు, హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ చేపట్టి, మరణించే వరకు విడువలేదు.

ఆయన చేతిలో ఆ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. 1950లోను, 1954లోను ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు కూడా గెలిచింది. కలకత్తా జట్లకు తప్ప మరెవ్వరికీ ఫుట్‌బాల్ రాదనుకొనే కాలంలో దక్కను నుండి వచ్చిన కానిస్టేబుళ్లు సాధించిన విజయాలివి. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు రాష్ట్రం పేరుతో 1956–57లోను, 1957–58లోను, ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965–66లోను గెలుచుకొన్నారు.

భారత జట్టు శిక్షకునిగా రహీమ్ చూసిన ఎగుడుదిగుళ్లు అనేకం. 1951 మార్చిలో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1–0తో ఓడించి భారత్ స్వర్ణం పొందింది. మరుసటి సంవత్సరం హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిపోయింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ దశకు చేరిన తొలి ఆసియా దేశం మనదే. ఆ మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీఫైనల్‌లో యుగోస్లావియా చేతిలో 4–1తోను, కాంస్యపు పోటీలో బల్గేరియా చేతిలో 3–0తోను ఓడి భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఆ బృందంలో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, అబ్దుస్ సలాం, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాదు మైదానాల నుండి వచ్చినవారు ఉండడం తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం.

1962లో, అంటే జేకేపూర్ కాగితపు మిల్లు ఉత్పత్తి ప్రారంభించిన సంవత్సరంలోనే, జకార్తా ఆసియా క్రీడలు జరిగాయి. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిన భారత్, సెప్టెంబరు 4న ఫైనల్‌లో అదే జట్టును 2–1తో ఓడించింది. పి.కె. బెనర్జీ ఒక గోలు చేయగా, తలకు గాయమైనందువల్ల ముందు వరుసకు మార్చిన డిఫెండర్ జర్నైల్ సింగ్ మరొకటి చేశాడు. ఆ పోటీలనాటికే రహీమ్ ఊపిరితిత్తుల కేన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. 2024లో విడుదలైన మైదాన్ అనే హిందీ చలనచిత్రం ఆయన జీవితం ఆధారంగా తీసినదే.

మొదటి మ్యాచ్‌లో ఓడిన జట్టే చివరకు స్వర్ణం తెచ్చింది. జకార్తాలో తొలి దశ లీగు పద్ధతిలో జరిగింది కనుకనే అది సాధ్యమైంది. నాకౌట్ అయి ఉంటే ఆ స్వర్ణం లేదు.

పంతులుగారి పద్ధతులు

రహీమ్ పేరు చెప్పగానే వ్యూహాలు గుర్తుకు రావడం సహజం. ఇద్దరు వెనుక, ముగ్గురు నడుమ, ఐదుగురు ముందు అన్న పాత అమరికను మార్చి, వెనుక వరుసను బలపరచినవారిలో ఆయన ముందున్నారు. అయితే కళాశాల జట్టుకు ఎక్కువ ఉపయోగపడేవి ఆయన పెట్టిన చిన్న చిన్న పోటీలు. వాటిలో మూడింటిని ఇక్కడ పేర్కొనవచ్చు.

మొదటిది, డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీ. బంతి కాలికి తగలగానే తోటివానికి అందించాలి తప్ప దానితో పరుగుతీయరాదు. ఇందువల్ల బంతి రాకముందే ఎవరు ఎక్కడ ఉన్నారో చూసుకొనే అలవాటు కలుగుతుంది. ఊరి మైదానాలలో పెరిగిన మన పిల్లలకు బంతితో నలుగురిని తప్పించడం సహజంగా వస్తుంది, అందించడమే రాదు.

రెండవది, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీ. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితోనే తన్నాలి. మొదటి రోజు నవ్వులాటగా ఉంటుంది. నెల తిరిగేసరికి ప్రత్యర్థి ఏ వైపు అడ్డు నిలవాలో తెలియక తికమకపడతాడు.

మూడవది, ఎత్తుకు పరిమితి పెట్టిన పోటీ. నిర్ణీత ఎత్తుకు మించినవారికి అందులో ప్రవేశం లేదు. పొట్టివారు, చిన్నవారు, ఎంపికలో ఎప్పుడూ వెనుకబడేవారు ఆ రోజున ముందుకు వస్తారు.

ఈ మూడింటిలోనూ ఖర్చు లేదు. కావలసినది బంతి, మైదానం, పట్టుదల గల ఒక ఉపాధ్యాయుడు. కళాశాలలో తరగతుల వారీగా ఏడుగురేసి జట్లు కట్టి వారానికొక పోటీ చొప్పున జరిపితే, అంతర కళాశాల పోటీలకు ముందే ప్రతి విద్యార్థి పది పన్నెండు మ్యాచ్‌లు ఆడి ఉంటాడు. సీజన్ నిడివి పెంచడమంటే ఇదే.

మైదానం, బంతి, ముఖ్య నియమాలు

నియమాల ప్రకారం మైదానం పొడవు 90 నుండి 120 మీటర్లు, వెడల్పు 45 నుండి 90 మీటర్లు ఉండాలి. వెడల్పు కంటె పొడవు తప్పక ఎక్కువ కావాలి. గోలు స్తంభాల నడుమ దూరం 7.32 మీటర్లు, అడ్డకమ్మీ ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ గుర్తు గోలు గీతకు 11 మీటర్ల దూరంలోను, పెనాల్టీ ప్రాంతం గీత 16.5 మీటర్ల దూరంలోను ఉంటాయి. మధ్యనున్న వృత్తపు వ్యాసార్ధం 9.15 మీటర్లు. బంతి చుట్టుకొలత 68 నుండి 70 సెంటీమీటర్లు, ఆట ఆరంభంలో బరువు 410 నుండి 450 గ్రాములు.

ఆట నలభై ఐదు నిమిషాల చొప్పున రెండు భాగాలు. నడుమ విరామం పదిహేను నిమిషాలకు మించరాదు. జట్టుకు పదకొండుగురు. ఏడుగురికి తగ్గితే ఆట మొదలుపెట్టడానికి గాని, కొనసాగించడానికి గాని వీలులేదు. దూరపు ఊళ్ల నుండి వచ్చే విద్యార్థులతో కూడిన కళాశాలలు ఈ చివరి నియమాన్ని గుర్తుంచుకోవాలి. బస్సు తప్పిపోయి జట్టు చేరుకోలేకపోతే ఆడకుండానే ఓడినట్లవుతుంది. పోటీ ముందురోజు రాత్రి ఆటగాళ్లందరినీ ఒకచోట ఉంచడం సాధనలో భాగమే.

వాన, పిడుగు, బూట్లు

సాధనకు అనువైన నెలలే వర్షాలు కురిసే నెలలు కావడం మన ప్రాంతపు చిక్కు. తడిసిన బంతి బరువెక్కుతుంది, నేల జారుతుంది, మోకాళ్లు బెణుకుతాయి. వట్టికాళ్లతో ఆడే అలవాటు గలవారికి బూట్లు బరువనిపిస్తాయి. ఈ విషయంలో హెల్సింకీ పాఠం మరువరానిది. 1952లో మన ఆటగాళ్లలో పలువురు బూట్లు లేకుండానే చలిలో, తడిలో బరిలోకి దిగారు. ఆ ఘోర పరాజయం తరువాతనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. పోటీకి వారం ముందు కొత్త బూట్లు ఇస్తే బొబ్బలు తప్ప ఫలితం ఉండదు. ఎంపిక జరిగిన నెలలోనే బూట్లు ఇచ్చి, వాటితోనే సాధన చేయించాలి.

అంతకంటె ముఖ్యమైనది పిడుగు. ఒడిశా ప్రభుత్వం 2015లో పిడుగుపాటును రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించింది. చుట్టూ కొండలు, నడుమ ఖాళీ మైదానం, అందులో ఇరవై రెండు మంది నిలబడి ఉండడం ఎంతటి ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. ఉరుము వినబడగానే ఆట ఆపి పక్కా భవనంలోకి వెళ్లాలి. చెట్టు కిందికి పోరాదు. చివరి ఉరుము వినబడిన తరువాత అరగంట గడిచేవరకు తిరిగి మైదానంలోకి రాకూడదు. గోలు తేడా ఎంత ఉన్నా ఈ నియమానికి మినహాయింపు లేదు.

నెత్తురులోని సంగతి

అమెరికాలో కళాశాల ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే వేరొక ఆట. అయినా అక్కడ జరిగిన ఒక సంఘటన కోరాపుట్, రాయగడ జిల్లాలకు నేరుగా సంబంధించినది. 2006 సెప్టెంబరు 24న టెక్సాస్ రాష్ట్రంలోని రైస్ విశ్వవిద్యాలయ జట్టులో డేల్ లాయిడ్ అనే పంతొమ్మిదేళ్ల విద్యార్థి సాధనలో భాగంగా 100 గజాల పరుగును పదహారుసార్లు తీయవలసి వచ్చింది. ఆ సాధనలోనే కుప్పకూలి మరునాడు మరణించాడు. అతనిలో సికిల్ సెల్ లక్షణం ఉన్నట్లు ఆ తరువాత తేలింది. అతని తల్లిదండ్రులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఆ పరిణామాల ఫలితంగా 2010 నుండి అమెరికా కళాశాలల క్రీడా సంఘం తన మొదటి శ్రేణి కళాశాలల ఆటగాళ్లకు ఈ పరీక్షను నియమంగా పెట్టింది.

సికిల్ సెల్ అనేది ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారం దాల్చే వంశపారంపర్య స్థితి. తల్లి, తండ్రి ఇద్దరి నుండి ఆ జన్యువు వస్తే వ్యాధి. ఒక్కరి నుండే వస్తే దానిని లక్షణం లేదా వాహక స్థితి అంటారు. వాహకులు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, తమకు ఆ సంగతి ఉన్నట్లు కూడా ఎరుగరు. దేశంలో మలేరియా చిరకాలంగా ఉన్న కొండ ప్రాంతాలలో, గిరిజన సముదాయాలలో ఇది హెచ్చుగా కనబడుతుంది. కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. నలభై ఏళ్లలోపు వారిలో ఏడు కోట్ల మందికి పరీక్షలు జరపడం, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయడం దాని లక్ష్యాలు. ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడూ అందులో ఉన్నాయి.

ఇంతమాత్రాన వాహకులను జట్టు నుండి తొలగించవలసిన పనిలేదు. 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అమెరికా సైన్యంలోని దాదాపు 48,000 మంది నల్లజాతి సైనికుల వివరాలను పరిశీలించారు. లక్షణం గలవారికి, లేనివారికి మధ్య మరణపు ముప్పులో తేడా కనబడలేదు. అధిక శ్రమవల్ల కండరాలు దెబ్బతినే ముప్పు మాత్రం లక్షణం గలవారిలో 54 శాతం హెచ్చుగా ఉన్నది. ఆ సైన్యంలో నీరు తాగించడం, ఎండకు క్రమంగా అలవాటు చేయడం, శ్రమ నడుమ విశ్రాంతినివ్వడం అందరికీ నియమాలుగా అమలులో ఉన్నాయన్న సంగతి ఇక్కడ ముఖ్యం. జాగ్రత్తలు వాహకునికొక్కనికే కాక జట్టంతటికీ అమలు చేస్తే ఎవరినీ వేలెత్తి చూపనక్కరలేదు.

కళాశాల చేయవలసినవి ఇవి. ఎంపిక సమయంలోనే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించాలి. ఫలితాన్ని విద్యార్థికి, శిక్షకునికి మాత్రమే తెలియనివ్వాలి. గోడమీద అంటించరాదు. మొదటి మూడు వారాలు పరుగుల మోతాదు కొద్దికొద్దిగా పెంచాలి. జ్వరం తగ్గి లేచినవానిని ఆ వారమే పరుగెత్తించరాదు. కాళ్లు బిగుసుకుపోతున్నాయనో, సత్తువ లేదనో చెప్పిన విద్యార్థిని సోమరి అని గద్దించకుండా వెంటనే కూర్చోబెట్టాలి. తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. శిక్షకులు ఎక్కువగా తప్పు చేసే చోటు ఈ గద్దింపే.

ఆహారం విషయంలో మనకు లోటు లేదు. మనవారు చోడి అంబలి అనేదానిని, ఒడియావారు మండియా పేజ్ అనేదానిని ఉదయపు సాధన తరువాత తాగించవచ్చు. నీరు, పిండి పదార్థం, కాల్షియం మూడూ అందులో లభిస్తాయి. సాధన సమయంలో ఉప్పు వేసిన మజ్జిగగాని, ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లంగాని చాలు.

మైదానంలో ఏ భాష

మన ప్రాంతపు కళాశాల జట్టులో ఒకడు ఇంట్లో కుయి మాట్లాడతాడు, ఒకడు సవర, ఒకడు తెలుగు, ఒకడు ఒడియా. తరగతిలో ఒడియా, బజారులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. బంతి మీదికి వస్తున్నప్పుడు ఎవని నోట వాని ఇంటి మాటే వస్తుంది. వెనుక నుండి ప్రత్యర్థి వస్తున్నాడని గోల్‌కీపరు తెలుగులో అరిస్తే కొండ నుండి వచ్చిన డిఫెండరుకు అర్థమయ్యేలోగా గోలు పడిపోతుంది.

దీనికి పరిష్కారం ఒక భాషను అందరి మీద రుద్దడం కాదు. సీజన్ మొదటి వారంలోనే ఎనిమిది పది సంకేత పదాలను జట్టంతా కూర్చొని నిర్ణయించుకోవాలి. నీ వెనుక మనిషి ఉన్నాడు, వదిలిపెట్టు, నాది, కుడి, ఎడమ, ముందుకు, ఆగు, తిరుగు అన్న వాటికి ఏ భాషలో చిన్న మాట ఉంటే దానిని తీసుకోవచ్చు. కుయి మాట ఒకటి, ఒడియా మాట ఒకటి, తెలుగు మాట ఒకటి ఉండడమే మేలు. తన ఇంటి మాట జట్టు మాట అయినప్పుడు మొదటిసారి కళాశాలకు వచ్చిన కొండపిల్లవాడు నోరు విప్పుతాడు. మైదానంలో నోరు విప్పినవాడు తరగతిలోనూ విప్పుతాడు. ఉపాధ్యాయులకు ఈ సంగతి అనుభవంలోనిదే.

బాలికల జట్టు

బాలికల ఫుట్‌బాల్‌లో ఒడిశా దేశంలో ముందు వరుసలో ఉన్నది. కటక్‌కు చెందిన రైజింగ్ స్టూడెంట్స్ క్లబ్ 2017–18లో భారత మహిళల లీగు విజేతగా నిలిచింది. అంతకు ముందు సంవత్సరం అదే లీగు ఫైనల్‌లో ఓడిపోయి, మరుసటి సంవత్సరం గెలిచిన జట్టు అది. 2022 అక్టోబరులో పదిహేడేళ్లలోపు బాలికల ప్రపంచ కప్పులో భారత్ తన మ్యాచ్‌లన్నీ భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలోనే ఆడింది. తెలంగాణలో నిజామాబాద్ ప్రాంతం నుండి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతున్నది.

బాలికల జట్టు కట్టేటప్పుడు ఆటకంటె ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. బట్టలు మార్చుకొనే గది, మరుగుదొడ్డి, చీకటిపడకముందే ఇల్లు చేర్చే ఏర్పాటు, ప్రయాణంలో వెంట ఒక ఉపాధ్యాయిని. ఇవి లేనిచోట బాలికలకు ఆసక్తి లేదని నివేదిక రాయడం న్యాయం కాదు. పదకొండుమంది దొరకకపోతే ఏడుగురితో మొదలుపెట్టవచ్చు. రక్తహీనత పరీక్ష, ఐరన్ మాత్రలు సీజన్ ఆరంభంలోనే తప్పనిసరి.

సీజన్ ముగిసిన తరువాత

తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టాడు. రహీమ్ కంటబడినప్పుడు హైదరాబాదు వచ్చి సాధన చేయడానికి దారిఖర్చులు కూడా లేవు. సైకిలుకు కావలసిన డబ్బు రహీమ్ ఇచ్చిన సంగతిని బలరాం తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. అలా వచ్చిన యువకుడు 1956లో మెల్‌బోర్న్‌లోను, 1960లో రోమ్‌లోను ఒలింపిక్స్ ఆడి, రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు. 1962లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉండి, అర్జున పురస్కారం పొందాడు. మరుసటి సంవత్సరమే ఊపిరితిత్తుల జబ్బు కారణంగా చిన్న వయసులోనే ఆట మానవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరి 16న మరణించాడు.

ఈ జీవితంలో రెండు పాఠాలున్నాయి. ఒక పేద కుర్రవాడిని ఆటలో నిలబెట్టినది సైకిలు డబ్బు. ఆటలోంచి తప్పించినది అనారోగ్యం. మన కళాశాలలలోనూ ఆటగాళ్లు జారిపోయేది ఈ రెండు చోట్లనే, దారి ఖర్చు దగ్గర, ఆరోగ్యం దగ్గర. క్రీడా నిధిలో కప్పులు, దండలు, వేదికల ఖర్చుకు ముందు ఈ రెండింటికి డబ్బు తీసిపెట్టాలి.

మూడవది ఉపాధి. రహీమ్ కాలంలో పోలీసు, రైల్వే, సైన్యం ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చాయి. పీటర్ తంగరాజ్ సైన్యంలో ఉంటూనే ఎదిగాడు. ఆ కాలపు హైదరాబాదు ఆటగాళ్లకు ఫుట్‌బాల్ అంటే కుటుంబానికి నెలజీతం. నేడు కూడా క్రీడా కోటా నియామకాలలో అడిగేది కప్పు కాదు, కాగితం. ఏ స్థాయి పోటీలో, ఏ సంవత్సరంలో, ఏ స్థానం వచ్చింది అన్న ధ్రువపత్రం. చాలాచోట్ల ఆ పత్రం తీసుకోకుండానే విద్యార్థి కళాశాల విడిచిపోతాడు.

అందువల్ల ప్రతి జట్టుకు ఒక నోటుపుస్తకం ఉండాలి. తేదీ, మైదానం, ఎదుటి జట్టు, ఆడినవారి పేర్లు, ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు, గోల్స్ ఎవరు చేశారు, ఎవరికి దెబ్బ తగిలింది అన్నవి ఆ సాయంత్రమే రాయాలి. రాసే పని ఆడని విద్యార్థికి అప్పగించవచ్చు, అతడూ జట్టువాడే అవుతాడు. మాఘమాసంలో పరీక్షల హడావిడి మొదలయ్యేలోగా ధ్రువపత్రాలు అందరి చేతికి అందాలి. ఆ పుస్తకాన్ని మరుసటి ఆషాఢంలో కొత్త జట్టుకు చదివి వినిపించి ఎంపిక మొదలుపెట్టాలి.

ఒక కళాశాల ఫుట్‌బాల్ సీజన్ బాగా జరిగిందా లేదా అనడానికి కప్పు ఒక్కటే కొలత కాదు. ఎంతమంది విద్యార్థులు ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, ఎందరు ఆరోగ్యంగా ముగించారు, ఎందరు మరుసటి సంవత్సరం తిరిగి వచ్చారు అన్న మూడు సంఖ్యలు ఆ నోటుపుస్తకం చివరి పుటలో ఉంటే చాలు. ఆ సంఖ్యలు ఏటేటా పెరుగుతూ ఉంటే, విశ్వవిద్యాలయ జట్టుకు మన జిల్లాల పేర్లు వాటంతటవే చేరతాయి.